ఆసాబుల్ నది కేసులు: ట్రౌట్ చేపకూ చమురు బావికీ మధ్య చట్టం ఎక్కడ నిలబడింది?

జార్జ్ మేసన్ అమెరికాలో కార్ల పరిశ్రమను శాసించినవారిలో ఒకరు. నాష్-కెల్వినేటర్ కంపెనీని నడిపి, అమెరికన్ మోటార్స్ ఏర్పడిన 1954లోనే కన్నుమూశారు. మిషిగన్ రాష్ట్రం ఉత్తర భాగంలో, ఆసాబుల్ నది దక్షిణ శాఖ ఒడ్డున తనకున్న సుమారు 1,500 ఎకరాల అడవిని వీలునామాలో రాష్ట్ర ప్రభుత్వానికి రాసిచ్చారు. దాన్ని అమ్మకూడదని, ఎప్పటికీ వన్యప్రాణుల ఆశ్రయంగానే ఉంచాలని షరతు పెట్టారు. ప్రభుత్వం ఆ తర్వాత చుట్టుపక్కల భూమిని చేర్చి దాన్ని దాదాపు 4,500 ఎకరాలకు పెంచింది. మేసన్ ట్రాక్టు అని పిలిచే అడవి అదే.

2003లో అదే ప్రభుత్వం, ఆ అడవి అడుగున ఉన్న చమురు, సహజవాయువు హక్కులను సవాయ్ ఎనర్జీ అనే కంపెనీకి లీజుకు ఇచ్చింది.

దానంగా వచ్చిన అడవి కింద ఖనిజాన్ని లీజుకివ్వడం ఎలా సాధ్యమైంది, దాన్ని ఆపడానికి ఎవరు ఏ చట్టాన్ని పట్టుకుని కోర్టుకెక్కారు, చివరికి ఏ కారణం మీద గెలిచారు? ఈ మూడూ విడివిడిగా చూస్తే తప్ప నదుల రక్షణ కేసులు అర్థం కావు. ఆసాబుల్ కథలో నది గెలిచింది. కానీ నదికి హాని జరగకూడదన్న కారణం మీద మాత్రం నిలిచే గెలుపు ఎప్పుడూ దక్కలేదు. ఈ తేడాను దాటవేసి విజయగాథలు చెప్పుకోవడం ప్రమాదకరమని నా నమ్మకం.

ముందు నది గురించి. ఆసాబుల్ పొడవు సుమారు 220 కిలోమీటర్లు. గ్రేలింగ్ పట్టణానికి ఉత్తరాన పుట్టి తూర్పుగా పారి హ్యూరాన్ సరస్సులో కలుస్తుంది. మంచుయుగంలో హిమానీనదాలు వదిలిపోయిన ఇసుక, గులకరాళ్ల పొరలు ఈ ప్రాంతమంతా పరుచుకుని ఉన్నాయి. వాన కురిస్తే వరదై పారదు, నేలలోకి ఇంకిపోతుంది. అక్కడ చల్లబడి, ఊటలుగా నదిలోకి వస్తుంది. అందుకే ఎండాకాలంలోనూ నీరు చల్లగా ఉంటుంది, మట్టం పెద్దగా మారదు. ట్రౌట్ చేపకు కావలసింది సరిగ్గా ఇదే. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటి అలాగే ఉండిపోతే అది తిండి మానేస్తుంది, ఇంకా పెరిగితే బతకదు. కాబట్టి ఇక్కడ నదిని కాపాడటమంటే కంటికి కనబడే నీటితోపాటు కనబడని భూగర్భజలాన్ని కూడా కాపాడటమే. చమురు, గ్యాస్ తవ్వకం వచ్చి తగిలేది కూడా ముందుగా ఆ భూగర్భజలాన్నే.

ఈ ప్రాంతం ఒకసారి దెబ్బతిని ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో కలప కోసం అడవులు నరికి, దుంగలను ఈ నదిలోనే తేలించుకుపోయారు. గ్రేలింగ్ పట్టణానికి పేరిచ్చిన గ్రేలింగ్ చేప 1930ల నాటికి రాష్ట్రంలో ఎక్కడా మిగలలేదు. బయటినుంచి తెచ్చి వదిలిన బ్రౌన్ ట్రౌట్ ఆ చోటును ఆక్రమించింది. నష్టం ఎలా ఉంటుందో చూసిన ఊళ్లు కాబట్టే కాబోలు, ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే జాతీయ సంస్థ 1959లో ఈ నది ఒడ్డునే పుట్టింది. 1987లో ఆంగ్లర్స్ ఆఫ్ ది ఆసాబుల్ అనే స్థానిక సంఘం ఏర్పడింది. హోలీ వాటర్ అని పిలుచుకునే నదీభాగంలో పట్టిన చేపను చంపకుండా తిరిగి వదిలేయాలన్న నియమం కోసం అది మొదట పోరాడింది. నది పక్కనే బస నడుపుతూ, గాలానికి ఎరగా వాడే కృత్రిమ ఈగలు కట్టే రస్టీ గేట్స్ అప్పట్లో దానికి నాయకుడు. చమురు కంపెనీలతో పోరాడాలని పుట్టిన సంఘం కాదది. కానీ రెండు పెద్ద కేసులూ దాని పేరుమీదే నడిచాయి.

నేల ఒకరిది, అడుగు మరొకరిది

అమెరికాలో భూమి పైభాగం యాజమాన్యాన్నీ, దాని అడుగున ఉన్న ఖనిజం యాజమాన్యాన్నీ విడదీసి వేర్వేరు దస్తావేజులతో అమ్ముకోవచ్చు. విడదీసిన చోట, ఖనిజ హక్కుదారుడు తన ఖనిజాన్ని చేరుకోవడానికి పైనేలను అవసరమైన మేరకు వాడుకోవచ్చన్నది సాధారణ న్యాయసూత్రం. మిషిగన్ ప్రభుత్వం చేతిలో లక్షల ఎకరాల ఖనిజ హక్కులున్నాయి. వాటిని సహజవనరుల శాఖ వేలం వేస్తుంది.

వేలానికి ముందు ఒక్కో తునకను ఒక్కో తరగతిలో పెడతారు. మొదటి తరగతిలో బావి తవ్వుకోవచ్చు. రెండో తరగతిలో షరతులతో తవ్వుకోవచ్చు. మూడో తరగతిలో పైనేలను ముట్టుకోకూడదు, కానీ పక్క భూమి నుంచి ఏటవాలుగా తవ్వి అడుగున ఉన్నది తీసుకోవచ్చు. నాలుగో తరగతి భూమిని అసలు లీజుకే ఇవ్వరు. చిక్కంతా ఆ మూడో తరగతిలో ఉంది. కాగితం మీద చూస్తే అది రక్షణలాగే కనిపిస్తుంది. ఆచరణలో బావిని కంచె అవతలికి జరపడం తప్ప మరేమీ చేయదు.

మేసన్ ట్రాక్టు విషయంలో జరిగింది అదే. పైనేల మీద తవ్వకం లేదు కాబట్టి దాత మాటకు భంగం కలగలేదన్నట్టుగా వ్యవహారం నడిచింది. కంపెనీకి మాత్రం పక్కన చోటు కావాలి. ఆ పక్కన ఉన్నది హ్యూరాన్-మానిస్టీ జాతీయ అటవీభూమి, అంటే కేంద్ర ప్రభుత్వానిది. బావి కోసం అక్కడ చెట్లు కొట్టి చదును చేయాలి, దారి వేయాలి, పైపులైను పరవాలి. ఇందుకు కేంద్ర అటవీ సేవా విభాగం అనుమతి కావాలి. ఆ ఒక్క అడుగుతో, రాష్ట్ర స్థాయిలో మొదలైన వ్యవహారం కేంద్ర చట్టం పరిధిలోకి వచ్చి పడింది. ఈ సంగతి గమనించకపోతే మిగతా కథ అంతా అయోమయంగా ఉంటుంది. బావి ఏ ప్రైవేటు తోటలోనో పెట్టి ఉంటే, తర్వాత చెప్పబోయే గెలుపు దక్కేదే కాదు.

రాత్రిపూట చెవితో వేట

జాతీయ పర్యావరణ విధాన చట్టం 1970 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కేంద్ర సంస్థ ఏదైనా పెద్ద నిర్ణయం తీసుకునే ముందు దాని ప్రభావాన్ని పరిశీలించి రాతపూర్వకంగా పెట్టాలి. మొదట చిన్న మదింపు చేస్తారు. ప్రభావం గణనీయం కాదని తేలితే అక్కడితో ముగిస్తారు. గణనీయం అనిపిస్తే సమగ్ర నివేదిక రాయాలి. దీనికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడతాయి. అయితే ఈ చట్టం హానిని నిషేధించదు. హాని జరుగుతుందని తెలిసి కూడా, ఆ సంగతి నిజాయితీగా రాసి, అయినా అనుమతిస్తున్నామని చెప్పే స్వేచ్ఛ సంస్థకు ఉంది. అమెరికా సుప్రీంకోర్టు 1989లో ఈ మాట తేటతెల్లంగా చెప్పింది.

అటవీ విభాగం చిన్న మదింపుతో సరిపెట్టి, గణనీయమైన ప్రభావం లేదని 2005లో బావికి పచ్చజెండా ఊపింది. ఆంగ్లర్స్ సంఘం, సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ, మేసన్ మనవడు కలిసి కేంద్ర జిల్లా కోర్టులో కేసు వేశారు. న్యాయమూర్తి డేవిడ్ లాసన్ ఆ డిసెంబరులోనే తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇచ్చారు. 2008 జులైలో తుది తీర్పులో, అటవీ విభాగం నిర్ణయం సహేతుకంగా లేదని కొట్టివేశారు.

వాదనలో కీలకమైనవి రెండు. ఒకటి, మేసన్ ట్రాక్టుకు వచ్చేవారి అనుభవం మీద బావి ప్రభావాన్ని సరిగా తూచలేదన్నది. ఇది వినడానికి మెత్తని కారణంలా ఉంటుంది. కొంచెం మోటుగా చెప్పాలంటే, ప్రశాంతత పోతుందని ఎవరైనా కోర్టుకు వెళతారా అనిపిస్తుంది. కానీ ఈ నది మీద జూన్ చివరి రాత్రులు ఎలా ఉంటాయో తెలిస్తే అలా అనిపించదు. చీకటి పడ్డాక, హెక్స్ అని పిలిచే పెద్ద రెక్కల పురుగులు నీటి అడుగు బురద నుంచి పైకి లేస్తాయి. పగలంతా దాక్కునే పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేపలు అప్పుడే తిండికి పైకి వస్తాయి. గాలం పట్టుకున్న మనిషికి కళ్లు పనిచేయవు. అతను ఒడ్డున కదలకుండా కూర్చుని చెవి ఒగ్గుతాడు. చేప నోరు తెరిచి పురుగును లోపలికి పీల్చుకునే చప్పుడు ఎటునుంచి వచ్చిందో, ఎంత దూరంలో వచ్చిందో దాన్నిబట్టే గాలం విసురుతాడు. అక్కడ యంత్రాల మోత అంటే చిరాకు కాదు, ఆ వేటే అసాధ్యం కావడం. ఆ వేట కోసమే పడవలు, బసలు, హోటళ్లు, గాలపు దుకాణాలు బతుకుతున్నాయి. దీన్ని లెక్కలోకి తీసుకోని మదింపు మదింపే కాదన్న వాదనలో ఎంతో బలముంది.

రెండోది ఒక చిన్న పిట్ట. కర్ట్‌లాండ్ వార్బ్లర్ అనే ఈ పసుపు పొట్ట పక్షి, చిన్నవయసు జాక్ పైన్ చెట్ల కింద, నేలమీద గూడు కడుతుంది. ఆ చెట్లు మరీ ముదిరితే గూడు కట్టదు. అందుకే దాని గూళ్లు ప్రపంచంలో దాదాపు ఈ ప్రాంతానికే పరిమితమైపోయాయి. అప్పట్లో అది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. దానిమీద ప్రభావాన్నీ సరిగా పరిశీలించలేదని కోర్టు భావించింది.

తీర్పులో ట్రౌట్ చేప కారణంగా బావి ఆగిందని ఎక్కడా లేదు. పక్షి గెలిచింది, నిశ్శబ్దం గెలిచింది, సరిగా రాయని కాగితం ఓడింది. పైగా ఆ పక్షి సంఖ్య బాగా పెరగడంతో 2019లో దాన్ని ప్రమాదపు జాబితా నుంచి తొలగించారు. పక్షికి అది శుభవార్త. నదికి మాత్రం ఒక కవచం తగ్గినట్టే.

ఇదే నదికి కేంద్ర ప్రభుత్వం 1984లో ప్రత్యేక రక్షణ హోదా ఇచ్చిన మాట నిజమే. కానీ అది మయో అనే ఊరి దగ్గరి ఆనకట్ట నుంచి ఆల్కోనా చెరువు దాకా ఉన్న 37 కిలోమీటర్లకే. మేసన్ ట్రాక్టు ఉన్న దక్షిణ శాఖ అందులో లేదు.

ఎవరైనా కోర్టుకు వెళ్లవచ్చన్న చట్టం

కేంద్ర చట్టం పద్ధతి గురించే మాట్లాడితే, మిషిగన్ రాష్ట్ర చట్టం ఒకటి నేరుగా హాని గురించి మాట్లాడుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించిన జోసెఫ్ సాక్స్ ముసాయిదా రాయగా 1970లో శాసనసభ ఆమోదించిన మిషిగన్ పర్యావరణ రక్షణ చట్టం అది. గాలి, నీరు, ఇతర సహజవనరులు, వాటిమీద ప్రజలకున్న హక్కు కాలుష్యానికో, ధ్వంసానికో గురవుతుంటే ఏ వ్యక్తి అయినా కేసు వేయవచ్చు. అలాంటి చట్టం దేశంలో అదే మొదటిది.

సాక్స్ పేరు మనకు కొత్త కాదు. నదులు, చెరువులు, తీరాలు ప్రభుత్వం సొత్తు కావు, ప్రజల తరఫున ప్రభుత్వం కాపలా కాస్తున్న ఆస్తులు అన్న పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతాన్ని ఆయన అదే 1970లో ఒక వ్యాసంలో విస్తరించి రాశారు. భారత సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో బియాస్ నది ఒడ్డున ఒక హోటలు కేసులో ఈ సిద్ధాంతాన్ని మన చట్టంలో భాగమని ప్రకటిస్తూ సాక్స్ రచననే ఆధారం చేసుకుంది. పదేళ్ల తర్వాత, 2006లో తిరుపతి అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్ల కోసం కేటాయించడాన్ని సవాలు చేసిన కేసులో మళ్లీ అదే సిద్ధాంతాన్ని వాడింది. ట్రౌట్ చేపల రాష్ట్రంలో పదునెక్కిన ఆలోచన మన చెరువు గట్టుదాకా వచ్చిందన్నమాట.

ఈ రాష్ట్ర చట్టం బలం 1979లో తెలిసింది. ఆసాబుల్‌కు ఉత్తరాన పిజన్ రివర్ అడవిలో పది అన్వేషక బావులు తవ్వడానికి రాష్ట్రం అనుమతించగా, అక్కడి ఎల్క్ దుప్పుల మందకు హాని అని మిషిగన్ సుప్రీంకోర్టు ఆపింది. అయితే కథ అక్కడ ముగియలేదు. 1980లో రాజీ కుదిరి, అడవి దక్షిణ భాగంలో షరతులతో డ్రిల్లింగ్ మొదలైంది. ఈ వివాదం నడుస్తుండగానే, చమురు రాయల్టీలతో ప్రజల కోసం భూములు కొనే నిధి 1976లో పుట్టింది. పార్కులూ నదీతీరాలూ కొనే డబ్బు అడవి కింది చమురు నుంచే వస్తుంది. దీన్ని కపటం అనలేను. ఆ డబ్బుతో ఎన్నో మంచి భూములు ప్రజల పరమయ్యాయి. కానీ ఖనిజాన్ని వేలం వేసే శాఖ చేతులు కొంత కట్టుబడి ఉంటాయన్నది మరిచిపోకూడదు.

రెండో ఆసాబుల్ కేసు కథ వేరు. ఒట్సెగో కౌంటీలో పాత గ్యాస్ ఉత్పత్తి కేంద్రం కింద భూగర్భజలం కలుషితమైంది. ఆ కేంద్రాన్ని కొన్న మెరిట్ ఎనర్జీ ఆ నీటిని పైకి తోడి, శుద్ధి చేయాల్సి వచ్చింది. శుద్ధి చేసిన నీటిని ఎక్కడ వదలాలి? రోజుకు 11.5 లక్షల గ్యాలన్లు, అంటే సుమారు 43 లక్షల లీటర్ల నీటిని, రెండు కిలోమీటర్ల పైపులైనుతో కోల్కీ క్రీక్‌లోకి వదులుతామంది. కోల్కీ క్రీక్ అంటే ఆసాబుల్ పుట్టే చోటు, అడుగేస్తే దాటగల వాగు. కలుషితమైన స్థలమేమో మానిస్టీ నది పరీవాహక ప్రాంతంలో ఉంది. ఒక నది దగ్గర జరిగిన తప్పును మరో నది నెత్తిన రుద్దడమన్నమాట. రాష్ట్ర పర్యావరణ శాఖ ఇందుకు అనుమతి ఇవ్వడంతోపాటు ప్రభుత్వ భూమి మీదుగా పైపుకు దారి కూడా ఇచ్చింది.

సంఘం, ఒడ్డున భూములున్నవారు కలిసి కేసు వేశారు. కింది కోర్టు ఆ విడుదలను ఆపింది. కానీ అప్పీలు కోర్టు 2009లో ఒక మెలిక పెట్టింది. కాలుష్యం చేసే కంపెనీ మీద కేసు వేయవచ్చు కానీ, అనుమతి ఇచ్చిన ప్రభుత్వ శాఖను ఈ చట్టం కింద ప్రతివాదిగా చేర్చలేరంది. 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టే ఇచ్చిన తీర్పు ఇందుకు ఆధారం.

2010 డిసెంబర్ 29న మిషిగన్ సుప్రీంకోర్టు నాలుగు-మూడు మెజారిటీతో దాన్ని తిరగరాసింది. హాని చేసే పనికి ముద్ర వేసిన శాఖ కూడా బాధ్యురాలేనంది. ఒక ఒడ్డుకు సంబంధించిన నీటి హక్కును, వేరే పరీవాహకంలోని నీటిని తెచ్చి పోయడానికి కాగితం మీద బదిలీ చేయలేరని కూడా చెప్పింది. నదుల పక్షాన ఇంతకంటే స్పష్టమైన తీర్పు ఈ రాష్ట్రంలో అరుదు.

ఆ తీర్పు నాలుగు నెలలు కూడా బతకలేదు. మెజారిటీ తీర్పు రాసిన న్యాయమూర్తి ఆల్టన్ డేవిస్ నవంబర్ ఎన్నికల్లో ఓడిపోయి అప్పటికే పదవి దిగే దశలో ఉన్నారు. మిషిగన్‌లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పదవిలో కొనసాగాలంటే ఎన్నికల్లో నెగ్గాలి. జనవరిలో కోర్టు కూర్పు మారింది. 2011 ఏప్రిల్ 25న కొత్త కోర్టు, మళ్లీ నాలుగు-మూడు మెజారిటీతో, పునర్విచారణకు ఒప్పుకుని తీర్పును రద్దు చేసింది. కంపెనీ ఆ పథకాన్ని వదులుకుంది కాబట్టి తేల్చవలసిన వివాదమే లేదన్నది కారణం. వాగులోకి నీరు రాలేదు. సూత్రం మాత్రం ఎగిరిపోయి, 2004 నాటి తీర్పు మళ్లీ మిగిలింది.

కోర్టు మెట్లెక్కకముందే

2013 అక్టోబర్ వేలంలో హోలీ వాటర్ చుట్టుపక్కల రాష్ట్ర భూముల ఖనిజ హక్కులు కూడా ఉన్నాయి. అప్పటికి పొరుగు కౌంటీల్లో లోతైన శిలల్ని నీటి ఒత్తిడితో పగలగొట్టి గ్యాస్ తీసే బావులు మొదలయ్యాయి. వాటిలో ఒక్కో బావి కోటి గ్యాలన్లకు మించి నీరు తాగుతుంది. భూగర్భజలమే ప్రాణమైన నదికి అంతకంటే సూటి ప్రమాదం ఉండదు. ఈసారి ఎవరూ కేసు వేయవలసి రాలేదు. గాలగాళ్లు, బసల యజమానులు, ఊరి జనం నిరసన తెలిపారు. లీజులు ఖరారు కాకముందే సహజవనరుల శాఖ నది వెంట ఉన్న తునకలను పైనేలను ముట్టుకోకూడని తరగతిలోకి మార్చింది. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి సాధించినదానికి దీటైన ఫలితం, వేలం జాబితాను సకాలంలో చదవడంవల్ల వారాల్లో వచ్చింది. అందుకే ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన కాగితం తీర్పు కాదు, ఆ జాబితా అంటాను.

2008 నాటి గెలుపు ఇప్పుడైతే అంత సులువు కాదు కూడా. 2023లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఈ మదింపుల పేజీలకే పరిమితి పెట్టింది. 2025 మే 29న అమెరికా సుప్రీంకోర్టు, యూటా రాష్ట్రంలో ముడిచమురు తరలించే రైలుమార్గం కేసులో, పర్యావరణ మదింపు ఎంత లోతుగా ఉండాలన్నది చాలావరకు ఆ సంస్థల విచక్షణేనని, కోర్టులు గట్టిగా వారి మాటకు విలువివ్వాలని చెప్పింది. ఆ ప్రాజెక్టువల్ల వేరేచోట మొదలయ్యే తవ్వకాల ప్రభావాన్ని మదింపులో చూడనవసరం లేదంది. నిశ్శబ్దం విలువను సరిగా తూచలేదన్న వాదనను ఇప్పటి న్యాయమూర్తి ముందుంచితే, అటవీ విభాగం ఆ విషయాన్ని నాలుగు వాక్యాల్లో ప్రస్తావించి ఉంటే చాలని అనిపించుకునే అవకాశం ఎక్కువ.

ఇక మూడో తరగతి లీజు అలాగే ఉంది. నది పక్క నేల మీద బావి పడదు, కంచె అవతల పడవచ్చు. కంచె అవతల ఉన్నది జాతీయ అడవి అయితే కేంద్ర చట్టం ఎంత బలహీనపడినా వర్తిస్తుంది. ప్రైవేటు భూమి అయి, అడుగున ఖనిజమూ కేంద్రానిది కాకపోతే ఆ చట్టం సాధారణంగా దరిదాపుల్లోకి రాదు. అప్పుడు మిగిలేవి రాష్ట్ర అనుమతులు, సాక్స్ రాసిన చట్టం. ఆ చట్టం కింద కంపెనీని కోర్టుకు లాగవచ్చు. అనుమతి ఇచ్చిన శాఖను లాగవచ్చా అన్న ప్రశ్నకు 2010లో వచ్చిన జవాబు 2011లో రద్దయింది.